ప్రతి జూలైలో కొత్తగా చేరిన సార్

చెప్పులు విడిచిన గది

కంప్యూటరు గదిలోకి పోయేముందు చెప్పులు విడవాలని మాకు ఏ కాగితంలోనూ రాసి పంపలేదు. అయినా అందరం విడిచేవాళ్ళం. తొంభైల నడుమ మా కాలేజీకి ఒక కంప్యూటరు వచ్చింది. దానికోసం స్టాఫ్ రూంలో సగానికి అడ్డుగోడ కట్టి, ఏసీ పెట్టి, కిటికీలకు నల్ల కాగితం అంటించారు. ప్రిన్సిపాల్ విఠల్‌రావు సార్ కొబ్బరికాయ కొట్టారు. టీవీలాంటి దాని నుదుటికి పసుపు కుంకుమ పెట్టారు. ఆ తర్వాత దానిమీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. మిగిలిన సగం గదిలో మేమందరం తిరిగీ తిరగని ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే, అది మాత్రం గోడ అవతల చల్లగా ఉండేది.

దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఒకరిని హైదరాబాద్ పంపాలన్నారు. సైన్సు లెక్చరర్లు తలా ఒక కారణం చెప్పి తప్పుకున్నారు. విఠల్‌రావు సార్ నన్ను పిలిచి, "మీ సబ్జెక్టు పేరుల్నే అడ్మినిస్ట్రేషన్ ఉన్నది గద మేడం, గిది మీదే పని," అన్నారు. నేను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ లెక్చరర్‌ని. నాకున్న అర్హత అంతే. వారం రోజుల శిక్షణలో మాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది దాన్ని సరిగ్గా ఎట్లా ఆపాలన్నది.

తిరిగివచ్చాక ఇంటికి పోతే బాపు అడిగాడు. అప్పటికే ఆయన మంచం దిగడం తగ్గింది.

"గా మిషన్ ఎవల పొట్ట గొట్టనీకె వచ్చింది బిడ్డా?"

"ఎవలదీ కొట్టది బాపు. ఉత్త లెక్కలకు, కాగితాలకు."

"మరమగ్గం వచ్చినప్పుడు గూడ గట్లనే అన్నరు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. ఏదైనా చెప్పండి మేడం అంటారు. స్కేళ్ళు, ప్రమోషన్లు చెప్పడానికి చాలామంది ఉన్నారు. అవి చెప్పే ఓపిక నాకు లేదు. నా సర్వీసులో నేను మరిచిపోలేనిది ఒక మనిషి సంగతి. పేరు రాజమౌళి. మా డిపార్టుమెంటులో పార్ట్ టైం లెక్చరర్. ఆయన నౌకరి పర్మనెంటు అవుతుందా, కాదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ మా కాలేజీ ఒక ఏడాది తిరిగింది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కండెలు చుట్టిన ఏడాది

మాది సిరిసిల్ల దిక్కు. సాలోళ్ళం, నేత పని మాది. 1969లో నేను డిగ్రీలో ఉన్నాను. తెలంగాణ కావాలని ఊరూరా కదిలిన ఆ ఏడాది కాలేజీలు మూతపడ్డాయి. హాస్టల్ ఖాళీ చేయించారు. ఇంటికి వచ్చి అవ్వ పక్కన కూర్చుని మగ్గానికి కండెలు చుట్టాను. నూలు ఒరుసుకుని వేళ్ళు కోసుకుపోయేవి. సాయంత్రాలు వాడకట్టు పిల్లలకు అక్షరాలు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే, నేను టీచర్ని అయింది ఆ ఏడాదిలోనే.

తర్వాత కొన్నేళ్ళకు లెక్చరర్ ఇంటర్వ్యూకి పోయాను. బల్ల అవతల కూర్చున్న ఒక పెద్దమనిషి నా సర్టిఫికెట్లు తిరగేసి, నడుమ ఒక ఏడాది మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఖాళీ ఉందేమిటమ్మా?"

"కాలేజీలు నడవలేదండి."

"అది నాకూ తెలుసు. నువ్వేం చేశావు?"

"కండెలు చుట్టాను సార్."

ఆయన నవ్వాడు. వెటకారంగా కాదు. కాగితం అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఉద్యోగం మాత్రం వచ్చింది. మార్కులతో వచ్చిందో, ఆ అంచున రాసిన మాటతో వచ్చిందో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

మొదట కరీంనగర్ జిల్లాలో, సుల్తానాబాద్ దిక్కు జూనియర్ కాలేజీలో చేశాను. ఆ తర్వాత గోదావరి దాటించి ఆదిలాబాద్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో వేశారు. ఆ కాలేజీ పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్ళకు దీంతో ఏ సంబంధమూ లేదు.

కుడి దిక్కు నుంచి

ఆ కాలేజీ ఆఫీసులో హెడ్ క్లర్కు ఖాదర్ సాబ్. ఉర్దూ మీడియంలో చదివినవాడు. తెలుగు టైపు తర్వాత నేర్చుకున్నాడు, రెండు వేళ్ళతో కొట్టేవాడు. నేను చేరిన కొత్తలో స్కాలర్‌షిప్ ఫారాలు చూడమని నా ముందు కట్ట పడేశారు. నేను పేరు, ఊరు, తండ్రి వృత్తి అని వరసగా చదువుకుంటూ పోతున్నాను. ఆయన చాయ్ తాగుతూ చూసి చూసి అన్నాడు.

"గట్ల చదివితె రంజాన్ దాంక గివే చదువుతరు మేడం. కుడి దిక్కు నుంచి షురూ చేయండ్రి."

"ఉర్దూ లెక్కనా ఖాదర్ సాబ్?"

"ఉర్దూ లెక్కనే. ఎడమ దిక్కు గడులల్ల సర్కారు అడిగింది ఉంటది. మనిషి సంగతి ఆఖరి గడిల ఉంటది."

ఆఖరి గడి అంటే రిమార్కులు. ఆయన చెప్పింది నిజమే. 'తండ్రి వృత్తి: వ్యవసాయం' అని ఉంటుంది. కుడి చివర చిన్న అక్షరాలతో 'భూమి లేదు, ఒకరి దగ్గర జీతం ఉంటాడు' అని ఉంటుంది. 'హాజరు తక్కువ' అని ఉంటుంది. చివర 'తల్లి దవాఖానలో ఉన్నందున' అని ఉంటుంది. కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా, పై ఆఫీసులో కూర్చున్నవాడు కళ్ళద్దాలు సర్దుకుని ముందు ఆ గడి చూసేవాడు. రూలుకు కావలసింది గడుల్లో నింపడం, అసలు సంగతి రిమార్కుల్లో రాయడం. అందరం అట్లాగే చేసేవాళ్ళం. అది తప్పని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే దానితో పనులు జరిగేవి.

దీన్ని నేను క్లాసులో చెప్పలేదు. సిలబస్‌లో లేదు.

పుస్తకంలో తాలూకా, బయట మండలం

సిలబస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఎనభైల నడుమ ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ వ్యవస్థ పోయింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మా పుస్తకంలో మాత్రం ఇంకా తాలూకాలే ఉన్నాయి. నేను తహసీల్దారు విధులు చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేడం, మా బాపు పట్వారి ఉండె, పోయినేడు తీసేసిన్రు. గిప్పుడు ఆ విధులు ఎవలు చేస్తరు?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడి ఇంట్లో అన్నం దగ్గర జరుగుతున్న పాలనాశాస్త్రం నా పుస్తకంలో లేదు.

ఆ ఏడాది పేపర్లో తాలూకా ప్రశ్నే వచ్చింది. కొందరు పిల్లలు తెలివిగా మండలాల గురించి రాశారు. వాల్యుయేషన్ క్యాంపులో నేను వాళ్ళకు మార్కులు వేస్తే, పై ఎగ్జామినర్ కొట్టేశాడు. "కీలో లేదండీ," అన్నాడు. బయట ఉంది కదా సార్ అన్నాను. "బయటది మనకెందుకు?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం తన డబ్బాలో చపాతీ నాకు కూడా పెట్టాడు.

ఇది కంప్యూటరు రాకముందు సంగతి. మిషన్లు వచ్చి మనుషులు మొద్దుబారిపోయారని వాపోయేవాళ్ళతో నేను కలవలేను. గడిలో లేనిది లేనట్టేనన్న బుద్ధి మాకు ముందే ఉంది. మిషన్ దాన్ని బాగా త్వరగా చేసిపెట్టింది, అంతే. పిల్లల చదువు విషయంలోనైతే కంప్యూటరు కన్నా జిరాక్స్ మిషన్ ఎక్కువ చెరిచింది. అది బస్టాండు ముందుకు వచ్చిన నాటి నుంచి క్లాసులో పెన్ను తెరిచేవాళ్ళు తగ్గిపోయారు. నోట్సు రాసుకోమంటే, "ఒకలు రాస్తె చాలు మేడం, మిగిలినోళ్ళం తీసుకుంటం," అనేవాళ్ళు. రాజమౌళి క్లాసులో తప్ప.

రాజమౌళి

ధర్మపురి దిక్కు మనిషి. ఎం.ఏ. మంచి మార్కులతో పాసై, ముప్పై నిండకముందే మా కాలేజీకి పార్ట్ టైంగా వచ్చాడు. గంటకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. రెగ్యులర్ పోస్టు పడేదాకా చేయమన్నారు. పోస్టు పడలేదు, ఆయన చేస్తూనే ఉన్నాడు.

గొంతు పెద్దది కాదు. కానీ పాయింట్లు చెప్పించి రాయించేవాడు. ఒక పాయింటు చెప్పి, దానికి ఊరి నుంచి ఒక ఉదాహరణ చెప్పి, బోర్డు మీద నెంబరు వేసేవాడు. ఉదాహరణ లేకుండా నోట్సు జిరాక్స్ తీసుకుంటే ఏమీ అర్థం కాదు. అందుకే ఆయన క్లాసుకు పిల్లలు వచ్చి రాసుకునేవాళ్ళు. నా క్లాసులో ఖాళీ బెంచీలు ఆయన క్లాసులో నిండేవి. కొంత అసూయ ఉండేది నాకు. అది కూడా చెప్పుకోవాలి.

ఇప్పుడు బ్రేకు సంగతి. పార్ట్ టైం వాళ్ళను ఏడాది పొడుగునా ఉంచితే రేపు సర్వీసు అడుగుతారని పైవాళ్ళ భయం. అందుకని ప్రతి ఏప్రిల్ చివర 'సేవలు ముగించడమైనది' అని ఒక కాగితం, ప్రతి జూలైలో 'కొత్తగా నియమించడమైనది' అని ఇంకో కాగితం. మా కాలేజీలోనే కాదు, చాలాచోట్ల అంతే. బ్రేకు అనే ఈ నడుమ నెలల్లో ఆయన ఇంట్లో ఉన్నాడా? లేదు. పరీక్షల ఇన్విజిలేషన్ ఆయనే, అడ్మిషన్ల టేబుల్ దగ్గర ఆయనే. జీతం లేదు. ఖాదర్ సాబ్ ఏప్రిల్ కాగితం మీద సంతకం చేయించుకుంటూ ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

"ఇయ్యాల్టి నుంచి మీరు నౌకరిల లేరు సార్. రేపు జర జల్ది రండ్రి, హాల్ టికెట్లు పంచాలె."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వకపోతే ఏం చేస్తారు.

ఆయన భార్య లక్ష్మి బీడీలు చేసేది. ఒకసారి మే నెలలో వాళ్ళింటికి పోయాను. అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. లోపల నుంచి నీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ చేట ముందు కూర్చుంది.

"సార్ లేడక్కా. కాలేజికి పోయిండు, బ్రేకుల," అంది. ఆ మాట అనేటప్పుడు నవ్వు ఆపుకుంది. తర్వాత ఆకు చూసుకుంటూ, "మీ కాలేజికంటె మా బీడీల సేటు నయమక్కా. ఎండకాలం గూడ పని బందువెట్టడు. చేసినదానికి చేసినట్టు పుస్తకంల రాస్తడు," అంది.

ఇచ్చిన నీళ్ళు తాగాను.

ఆఖరి గడి లేని మిషన్

కంప్యూటరు వచ్చిన మరుసటేడు ఒక మాట పుట్టింది. ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పార్ట్ టైం లెక్చరర్లను పర్మనెంటు చేస్తారని. పుట్టిన మాట కాగితమై వచ్చింది. వివరాలన్నీ ఒక ఫారంలో నింపి పంపాలి. వాటిని హైదరాబాద్‌లో కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఇక సిఫారసులు ఉండవు, పక్షపాతం ఉండదు, మిషనే ఎవరు అర్హులో తేలుస్తుంది అన్నారు. నాకు నిజంగా సంతోషమైంది. సిఫారసు లేని మనిషికి మిషన్‌కన్నా మంచి దిక్కు ఏముంటుంది అనుకున్నాను. రాజమౌళి ఆ రోజు స్టాఫ్ రూంలో అందరికీ చాయ్ చెప్పాడు.

ఖాదర్ సాబ్ ఫారం నింపాడు. 'నియామక ఉత్తర్వు ప్రకారం చేరిన తేదీ' అన్న గడిలో పోయిన జూలై తారీఖు వేశాడు. మరి ఉత్తర్వులో ఉన్నది అదే. నింపడం అయ్యాక కుడి చివర రిమార్కుల్లో విఠల్‌రావు సార్ తన చేత్తో రాశారు: 'ఇతను చాలా సంవత్సరాలుగా ఈ కళాశాలలోనే నిరాటంకంగా పనిచేస్తున్నాడు. వేసవి విరామం నామమాత్రం. మంచి అధ్యాపకుడు.' మేము ముగ్గురం దాన్ని చదివాం. మంచిగా రాసిన్రు సార్ అన్నాడు ఖాదర్ సాబ్. మా లెక్కల్లో ఫారం పూర్తయింది. మనిషి సంగతి ఉండవలసిన గడిలో ఉంది.

ఎండాకాలం మొదట్లో జాబితా వచ్చింది. చుక్కల అక్షరాలతో, పక్కలకు చిల్లులున్న పొడుగాటి కాగితం. రాజమౌళి పేరు ఎదురుగా: 'అనర్హుడు. చేరిన నాటికి వయోపరిమితి మించినది.'

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఖాదర్ సాబ్ రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాజమౌళికి అప్పటికి నలభై దాటింది. మిషన్‌కు తెలిసింది ఒక్కటే, ఈ మనిషి పోయిన జూలైలో మొదటిసారి ఉద్యోగంలో చేరాడని. నలభై దాటినవాడు కొత్తగా చేరడానికి రూలు ఒప్పుకోదు. ఇన్నేళ్ళు చేసిన పనికి, చేరే వయసు దాటిపోయావని చెప్పింది.

రాజమౌళి కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "క్లాసున్నది మేడం," అని వెళ్ళిపోయాడు.

హైదరాబాద్‌లో

ఇద్దరం మంచిర్యాలలో పొద్దున బండెక్కి హైదరాబాద్ పోయాం. కాజీపేటలో రెండు చాయ్‌లు తెచ్చాడు. "మేడం, ఒకవేళ గాకుంటె ఇంట్ల ఏం చెప్పాలె?" అని అడిగాడు. అయితది లే అన్నాను. నమ్మే అన్నాను.

ఆఫీసులో మమ్మల్ని కంప్యూటరు సెక్షన్‌కు పంపారు. అక్కడ కూడా గుమ్మం బయట చెప్పుల వరస. లోపల ఇరవై అయిదేళ్ళ కుర్రాడు. మర్యాదస్తుడు, లేచి కుర్చీ ఇచ్చాడు. రాజమౌళి పేరు కొట్టి తెర మా వైపు తిప్పాడు.

"డేటా కరెక్టుగానే ఉందండీ. మీరు పంపిందే."

"రిమార్కుల్లో రాసింది చూడు బాబూ."

"రిమార్క్స్ ఎంటర్ చేయమని మాకు చెప్పలేదు మేడం. ప్రోగ్రాంలో ఆ కాలమ్ లేదు. ప్రతివాళ్ళూ ఏదో ఒకటి రాస్తారు కదా, అదంతా ఎట్లా లెక్కకొస్తుంది?"

అతను పొగరుగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. రెండు జిల్లాల్లో, బహుశా రాష్ట్రమంతటా, అందరం అసలు సంగతిని ఏళ్ళుగా ఏ గడిలో దాచుకుంటున్నామో, ఆ గడి ఒక్కటే తీసేశారు.

రాజమౌళి తెర వైపు వంగి చూశాడు. "సార్, గీ తారీఖుకు ముందట నేను ఏడున్ననో రాయనీకె జాగ ఉన్నదా?"

"లేదు సార్. ఒకటే డేటు తీసుకుంటుంది."

"నేను ఏడికి పోలే సార్. ఆడనే ఉన్న."

కుర్రాడు లేచి మమ్మల్ని పైఆఫీసర్ దగ్గరికి తనే తీసుకుపోయాడు. ఆఫీసర్ విన్నాడు. మధ్యలో బ్రేకు లేదని మీ ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం తెండి, తేదీ మార్పిస్తాను అన్నాడు. బయటికి వచ్చాక రాజమౌళి మొహంలో మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది. ఒక్క ఉత్తరం. విఠల్‌రావు సార్ ఎట్లాగూ ఫారంలో రాసిందే.

విఠల్‌రావు సార్

ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. భూములున్న ఇంటి మనిషి, అయినా పిల్లల ఫీజులు తన జేబులోంచి కట్టిన రోజులున్నాయి. ఎవరి మీదా అరిచి ఎరగరు. అటువంటి మనిషి ఆ రోజు నా మాట విని, బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు.

"రిమార్కుల రాసిన గద మేడం."

"అది వాళ్ళు చదవలే సార్. ఉత్తరం కావాల్నట."

"ఉత్తరం వేరే. బ్రేకు ఇచ్చినట్టు ప్రతి ఏడాది నా దస్కతుతోనే ఆర్డరున్నది. బ్రేకు లేదని మల్ల నేనే రాస్తె, గన్నేండ్లు రూలు తప్పిన్నని నేనే రాసిచ్చినట్టు గాదా? నాకు ఇంక రెండేండ్ల సర్వీసున్నది. పెన్షన్ ఆపుతరు."

"రాజమౌళి సంగతేంది సార్?"

"నాకు బాధ లేదనుకుంటున్నరా?" అన్నారు. ఉండే ఉంటుంది. కానీ ఉత్తరం రాయలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మా తరం అధికారుల్లో చాలామంది నిజాయితీ రిమార్కుల గడి అంత వెడల్పే ఉండేది. అక్కడ రాస్తే ఎవరూ పట్టుకోరు కాబట్టి అక్కడ నిజమే రాసేవాళ్ళు. ఆ నిజాన్ని పూర్తి కాగితం మీద, పైన తేదీ వేసి, కింద సంతకం పెట్టి రాయమంటే వెనక్కి తగ్గేవాళ్ళు. మిషన్ మా అబద్ధాన్ని పట్టుకోలేదు. మేము సంతకం చేసిన అబద్ధాన్ని నిజమని నమ్మింది. అది దాని తప్పు కాదు.

ఉత్తరం నేను రాశాను. డిపార్టుమెంటు ఇన్‌చార్జిగా, ఈయన ప్రతి వేసవిలోనూ ఏ ఏ పని చేశాడో రాసి సంతకం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. దానికి జవాబుగా నాకే మెమో వచ్చింది, ఏ అధికారంతో ఇటువంటి ధ్రువీకరణ ఇచ్చారో సంజాయిషీ చెప్పమని. సంజాయిషీ కూడా ఇచ్చాను. రెండు కాగితాలూ ఏ కట్టలో కలిశాయో తెలియదు. నన్నేమీ చేయలేదు, రాజమౌళికీ ఏమీ ఒరగలేదు. మరుసటేడు ఫారంలో పాత సర్వీసుకు ఒక గడి చేర్చారని విన్నాను. ఇంకా వయసు దాటనివాళ్ళకు అది పనికొచ్చింది. రాజమౌళిది ముగిసిన కేసు అన్నారు. ముగిసిన కేసును తెరిచే వీలు ప్రోగ్రాంలో లేదట.

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు పనిచేశాను. కంప్యూటర్లు పెరిగాయి, చెప్పులు విడవడం మానేశాం. కానీ ఆ వేసవిలో వచ్చిన అలసట నాకు మళ్ళీ పోలేదు. ఫారం కనిపిస్తే ఇప్పటికీ కళ్ళు ముందు కుడి చివరికి పోతాయి. అక్కడ ఏమీ ఉండదు.

జూలై

ఆ ఏడాది యూనివర్సిటీ పరీక్షలు వానాకాలానికి జరిపారు. పోర్షన్ కొంత మిగిలింది. జూలై మొదట్లో విఠల్‌రావు సార్ నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"రాజమౌళి వస్తడా మేడం?"

మీరే అడగండి సార్ అన్నాను. ఆయన అడగలేదు. ఖాదర్ సాబ్ చేతే కబురు పంపించారు.

లక్ష్మి వద్దన్నదని తర్వాత తెలిసింది. సుల్తానాబాద్‌లో ఎవరో రైసు మిల్లులో లెక్కలు రాసే పని ఇప్పిస్తామన్నారట. ఏడాది పొడుగునా జీతం. "ఇంకెన్ని సార్లు కొత్తగ చేరుతవు?" అని అడిగిందట.

కాలేజీ తెరిచిన రోజు వాన పడుతోంది. రాజమౌళి గొడుగు ముడుచుకుంటూ ఆఫీసులోకి వచ్చాడు. ఖాదర్ సాబ్ లేచి నిలబడ్డాడు. ఆయన ఎవరికోసమూ లేచే మనిషి కాదు. టైపు చేసి ఉంచిన ఆర్డరు ముందుకు జరిపాడు. 'కొత్తగా నియమించడమైనది.'

"మాఫ్ చేయండ్రి సార్," అన్నాడు.

"మీరేం చేసిన్రు ఖాదర్ సాబ్," అని రాజమౌళి జాయినింగ్ రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. తేదీ వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వేశాడు.

"ఎందుకు వచ్చినవు రాజమౌళీ?" అన్నాను వరండాలో. కోపంగానే అన్నాను. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం.

"పోరగాండ్ల పోర్షన్ ఉన్నది గద మేడం. పరీక్షలు దగ్గరికొచ్చినయి. గది అయినంక మిల్లు సంగతి సూస్త," అన్నాడు. అది అయ్యాక ఇంకో పోర్షన్ వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన క్లాసులోకి పోయాడు. నా క్లాసు పక్కదే, కానీ నేను లోపలికి పోలేకపోయాను. తలుపు పక్కన నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పిల్లలు చూస్తారని కొంగుతో తుడుచుకున్నాను. లోపల బెంచీలు జరిగిన చప్పుడు, అందరూ లేచి మళ్ళీ కూర్చున్న చప్పుడు. సుద్దముక్క కోసం వెతుక్కుంటూ ఆయన అడిగాడు.

"ఏడ ఆపినం?"

ముందు బెంచీలోని అమ్మాయి నోట్సు తిప్పింది. "కలెక్టర్ విధులు సార్. నాలుగో పాయింటు అయింది."

"అయితె అయిదోది రాసుకోండ్రి," అన్నాడు రాజమౌళి.